అప్పు ధర అంటే వడ్డీ ఒక్కటేనా? కమర్షియల్ బిల్డింగ్ లోన్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, మేం ముగ్గురం కలిసి ఒక చిన్న ఆఫీసు బిల్డింగ్ కొంటున్నాం. రెండు టర్మ్ షీట్లు (లోన్ షరతులు రాసిచ్చే కాగితాలు) వచ్చాయి. మొదటిది 7.25 శాతం ఫిక్స్‌డ్, 10 ఏళ్ళు, పర్సనల్ గ్యారంటీ అక్కర్లేదు, కానీ గడువుకి ముందే తీర్చేస్తే యీల్డ్ మెయింటెనెన్స్ కట్టాలట. రెండోది 7.75 శాతం, 5 ఏళ్ళు, ముందే తీరిస్తే 5-4-3-2-1 అని రాశారు, ముగ్గురం గ్యారంటీ సంతకాలు పెట్టాలి. మా ప్లాన్ ఏంటంటే అద్దెలు పెంచి 3 ఏళ్ళలో అమ్మేయడం. తక్కువ వడ్డీదే తీసుకుందాం అని మిగతా ఇద్దరూ అంటున్నారు, నాకెందుకో మనసొప్పట్లేదు.

జవాబు: మీ అనుమానం కరెక్టేనండి. 3 ఏళ్ళలో అమ్మేద్దాం అనుకునేవాళ్ళు టర్మ్ షీట్‌లో ముందు చదవాల్సింది వడ్డీ లైను కాదు, ముందే తీరిస్తే ఎంత కట్టాలి అనే లైను. అప్పు 100 అనుకుందాం. అర శాతం తేడా అంటే 3 ఏళ్ళకి కలిపి 1.5 దాకా ఎక్కువ కడతారు, అంతే. 5-4-3-2-1 అంటే మొదటి ఏడాదిలో తీరిస్తే మిగిలిన అసలు మీద 5 శాతం, రెండో ఏడాదిలో 4, అలా తగ్గుతూ పోతుంది, 3 ఏళ్ళు నిండాక అమ్మితే 2 శాతం. ఇది ముందే తెలిసిన లెక్క.

యీల్డ్ మెయింటెనెన్స్ అలా కాదు. మీరు వెళ్ళిపోతే మిగతా 7 ఏళ్ళలో లెండర్‌కి, అంటే అప్పిచ్చినవాళ్ళకి, రావాల్సిన వడ్డీలో ఎంత పోతుందో లెక్కేసి అది మీ దగ్గరే వసూలు చేస్తారు, అప్పటి ప్రభుత్వ బాండ్ల రాబడితో పోల్చి. ఫార్ములా ఒక్కో అగ్రిమెంటులో ఒక్కోలా ఉంటుంది గానీ, మీరు అమ్మే రోజుకి ఆ బాండ్లు 4.25 శాతం ఇస్తుంటే తేడా ఏడాదికి 3 శాతం, 7 ఏళ్ళకి, దాన్ని ఇవాళ్టి విలువకి తెచ్చినా బాకీలో 15 శాతం దాటిపోవచ్చు. రేట్లు పడేకొద్దీ ఇది పెరుగుతుంది, రేట్లు పెరిగినా కనీసం 1 శాతం ఇవ్వాలని చాలా చోట్ల రాస్తారు. అంటే రేట్లు పడితే మీరు కష్టపడి పెంచిన విలువంతా ఆ ఒక్క క్లాజు తినేయొచ్చు.

అలాగని రెండోది కళ్ళు మూసుకుని తీసుకోమని కాదు, గ్యారంటీ సంతకం చిన్న విషయం కాదు, బిల్డింగ్ దెబ్బతింటే మీ సొంత ఆస్తుల మీదకి వస్తారు. మొదటి వాళ్ళని ఒక్క మాట అడగండి, కొనేవాళ్ళు ఇదే లోన్‌ని తమ పేరున కొనసాగించుకోవచ్చా అని. దీన్ని అజంప్షన్ అంటారు, దానికి కొంత ఫీజు ఉంటుంది. అది ఒప్పుకుంటే కథ మారిపోతుంది.

ప్రశ్న: విలువలో 70 శాతం లోన్ ఇస్తాం అన్నారు, కాగితాలన్నీ అయ్యాక 63 మాత్రమే అంటున్నారు. ఇది మోసం కాదా?

జవాబు: మోసం కాదండి, కానీ ఈ లెక్క మీకు మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. విలువలో ఇంత శాతం అనేది ఒక పరిమితి మాత్రమే. దాని పక్కన డీఎస్‌సీఆర్ అని ఇంకోటి ఉంటుంది, బిల్డింగ్ ఖర్చులన్నీ పోను మిగిలే ఆదాయం ఏడాది కిస్తీలకి ఎన్ని రెట్లు ఉంది అని చూస్తారు, 1.25 రెట్లు ఉండాలని అడగడం మామూలే.

మీ బిల్డింగ్ విలువ 100, మిగిలే ఆదాయం ఏడాదికి 7 అనుకోండి. 1.25 రెట్లు ఉండాలంటే కిస్తీలు 5.6 దాటకూడదు. 7.5 శాతం వడ్డీ, 25 ఏళ్ళ కిస్తీల లెక్కన 5.6కి వచ్చే అప్పు 63. రెండిట్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు. కిస్తీల లెక్క 30 ఏళ్ళకి సాగదీస్తే అదే ఆదాయం మీద 66.7 దాకా వస్తుంది, వడ్డీ రేటు ముట్టుకోకుండానే, కాబట్టి బేరమాడేటప్పుడు రేటు దగ్గరే ఆగిపోకుండా ఇది కూడా అడగండి. వాళ్ళు మీ ఆదాయం లెక్కలో ఖాళీలకీ రిపేర్లకీ ఎంత కోసేశారో కూడా చూడండి, చాలాసార్లు అసలు తేడా అక్కడే ఉంటుంది.

ప్రశ్న: 25 ఏళ్ళ లోన్ అనుకుని సంతకం పెట్టాను. ఇప్పుడు చూస్తే 5 ఏళ్ళకే మొత్తం కట్టెయ్యాలని ఉంది. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.

జవాబు: కంగారు పడకండి, ఈ పొరపాటు చాలామంది పడతారు, ఇంటి లోన్ అలవాటు వల్ల. 25 ఏళ్ళు అనేది కిస్తీ ఎంతో లెక్కెయ్యడానికి మాత్రమే, లోన్ గడువు 5 ఏళ్ళే. గడువు రోజున మిగిలిందంతా ఒకేసారి కట్టాలి, దాన్ని బెలూన్ అంటారు. 7.5 శాతం మీద 5 ఏళ్ళు క్రమం తప్పకుండా కట్టినా 100లో ఇంకా 92 దాకా మిగిలే ఉంటుంది. 10 ఏళ్ళు కట్టినా 80 మిగులుతుంది, మొదట్లో కట్టేదంతా ఎక్కువగా వడ్డీకే పోతుంది కదా.

ఆ బెలూన్ కట్టాలంటే అమ్మాలి లేదా కొత్త లోన్ తెచ్చుకోవాలి. పై జవాబులోని బిల్డింగే తీసుకోండి, 63 అప్పులో 5 ఏళ్ళ తర్వాత దాదాపు 58 మిగులుతుంది. అప్పటికి రేటు 9 శాతం అయితే అదే 7 ఆదాయం మీద కొత్త లోన్ 55.6కి మించి రాదు, మిగతా 2 పైచిలుకు మీ చేతి నుంచి తేవాలి. మధ్యలో ఒక కిరాయిదారు వెళ్ళిపోయి ఆదాయం 6.3కి పడిందనుకోండి, కొత్త లోన్ 50 దగ్గర ఆగిపోతుంది, లోటు 8 అవుతుంది. ఒక్క కిస్తీ కూడా తప్పకుండా కట్టినవాళ్ళకి కూడా ఇలా అవుతుంది, అదే బాధ. అందుకే గడువుకి ఏడాదిన్నర ముందే లెండర్లతో మాటలు మొదలుపెట్టండి, మీ అగ్రిమెంటులో ఎక్స్‌టెన్షన్ ఆప్షన్, అంటే గడువు పొడిగించుకునే వీలు, ఉందా, ఉంటే దానికి ఏ షరతులు పెట్టారు అనేది ఈ రోజే వెతికి చూడండి. పెద్ద కిరాయిదారుల లీజులు లోన్ గడువు దాటి ఉండేలా రెన్యూ చేసుకోవడం ఇప్పుడు మీ మొదటి పని.

ప్రశ్న: నాన్ రికోర్స్ లోన్ అన్నారు, మళ్ళీ గ్యారంటీ కాగితం మీద సంతకం అడుగుతున్నారు. ఎందుకు?

జవాబు: నాన్ రికోర్స్ అంటే లోన్ మునిగితే బిల్డింగ్ తీసుకుని ఊరుకుంటారు, మీ జోలికి రారు అని. కానీ దానికి మినహాయింపులు ఉంటాయి. అద్దెలు పక్కదారి పట్టించడం, తప్పుడు లెక్కలివ్వడం, కావాలని దివాలా పిటిషన్ వెయ్యడం లాంటివి చేస్తే మీరు సొంతంగా బాధ్యులు, వీటిని బ్యాడ్ బాయ్ కార్వౌట్స్ అంటారు. ఇంతవరకు న్యాయమే. చిక్కంతా మాటల్లో ఉంటుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో చెర్రీలాండ్ మాల్ కేసులో, కంపెనీ ఎప్పుడూ అప్పులు తీర్చే స్థితిలో ఉండాలి అనే ఒక్క షరతు పట్టుకుని, మార్కెట్ పడి మాల్ విలువ తగ్గినందుకే గ్యారంటీ ఇచ్చినాయన మిగిలిన బాకీ మొత్తానికి బాధ్యుడు అని 2011లో అప్పీల్ కోర్టు తీర్పిచ్చింది. దాంతో దీన్ని అడ్డుకోవడానికి 2012లో అక్కడ చట్టమే తేవాల్సి వచ్చింది. మీ కాగితంలో అలాంటి వాక్యం ఉంటే తీసేయించండి, లేకపోతే ఆదాయం సరిపోకపోవడం దీని కిందకి రాదు అని రాయించండి. ఈ పనికి లాయర్ ఫీజు దగ్గర వెనకాడకండి, దయచేసి.

ప్రశ్న: 7.5 శాతం అన్నారు, స్టేట్‌మెంట్‌లో వడ్డీ నా లెక్క కన్నా కొంచెం ఎక్కువ వస్తోంది. తప్పు ఎవరిది?

జవాబు: బహుశా ఎవరి తప్పూ కాదు. అగ్రిమెంటులో యాక్చువల్ బై 360 అని ఉందేమో చూడండి. ఏడాదికి 360 రోజులనుకుని రోజు వడ్డీ తీసి, దాన్ని 365 రోజులకీ వేస్తారు, అప్పుడు 7.5 కాస్తా 7.6 అవుతుంది. మొదట్లో తీసుకున్న 1 శాతం ఫీజు కూడా కలపండి, 2 ఏళ్ళకే లోన్ తీర్చేస్తే అదొక్కటే ఏడాదికి అర శాతం పైన పడుతుంది. రెండు ఆఫర్లు పోల్చేటప్పుడు ఈ రెండూ కలిపాకే పోల్చండి.