చిన్నికి, క్లినిక్ తెరిచే ముందు

చిరంజీవి చిన్నికి,

పెద్దనాయన ఆశీస్సులు. సాయినగర్‌లో రూము ఖాయమైందని, దసరాకు క్లినిక్ తెరుస్తావని మీ నాయన నిన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమేసింది. మెల్‌బోర్న్‌లో ఐదేళ్లు, వెన్నునూ కీళ్లనూ చేతులతో సరిచేసే కైరోప్రాక్టిక్ చదివి, అక్కడ పని దొరికినా అనంతపురానికే వస్తున్నావు. ఇదే ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా ఫిజియోథెరపీ చేస్తున్నవాణ్ణి కదా, నాకు తెలిసినవి కొన్ని నీకు చెప్పాలనిపించింది. ఫోన్‌లో అయితే మధ్యలో ఎవరో ఒకరు వస్తారు, మాట తెగిపోతుంది. అందుకే రాస్తున్నాను.

పోయినసారి వచ్చినప్పుడు, "నడుము ఒక్కటే కాదు పెద్దనాయనా, మనిషిని మొత్తంగా చూస్తాను" అన్నావు. ఆ మాట నాకు నచ్చింది. కొంచెం భయం కూడా వేసింది. నీ విద్య ఎక్కడ మొదలైందో నాకంటే నీకే బాగా తెలుసు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో పామర్ అనే ఆయన, చెవులు సరిగా వినపడని హార్వే లిలార్డ్ వెన్ను నొక్కి, వినికిడి తిరిగొచ్చిందన్నాడు. జబ్బులన్నిటికీ మూలం వెన్నులోనే ఉందనే నమ్మకం అక్కణ్ణుంచే పెరిగింది. నువ్వు చదివిన చదువు ఆ నమ్మకాన్ని దాటి చాలా దూరం వచ్చింది. కానీ మన ఊరి జనం నిన్ను దేవతలా నమ్ముతారు. వెన్ను సరిచేస్తే షుగర్ తగ్గుతుందని నీ నోట ఒక్కసారి వస్తే చాలు, మరుసటి రోజు నుంచే మాత్రలు మానేసేవాళ్లు ఉంటారు. ఆ మాట నువ్వు అనవని తెలుసు. వాళ్లంతట వాళ్లే అడిగినప్పుడు కూడా గట్టిగా కాదనాలి.

మనిషిని మొత్తంగా చూడటమంటే ఏమిటో నాకు నేర్పింది ధర్మవరం నేతగాడు ఒకాయన. అప్పటికి నేను ప్రాక్టీసు పెట్టి నాలుగేళ్లు. ఆయనకు నడుము కుడివైపు పట్టేసేది. నొక్కి, కాపడం పెట్టి, వ్యాయామం చెప్పి పంపితే హాయిగా వెళ్లేవాడు. పది రోజులకు మళ్లీ అదే నొప్పితో వచ్చేవాడు. అలా నాలుగుసార్లు అయింది. ఐదోసారి నేనే బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను. గుంట మగ్గం. గుంటలోకి కాళ్లు దించి ఆయన పట్టుచీర నేస్తున్నాడు. కూర్చున్న పలక ఎడమవైపు అరిగి రెండు వేళ్లంత కిందికి దిగి ఉంది. పైగా కుడికాలితో తొక్కే ప్రతిసారీ కాలు అందక నడుము ఒక పక్కకు ఒరుగుతోంది. నేను అరగంట కూర్చుని లెక్కపెడితే, ఆ ఒరగడం వందలసార్లు. గోనెసంచి మడత పెట్టి పలక కింద ఎత్తు వేశాం. తర్వాత వడ్రంగితో కొత్త పలక చేయించుకున్నాడు. గంటకోసారి గుంటలోంచి లేచి వాకిలి దాకా నడవమన్నాను. నొప్పి పూర్తిగా పోలేదు కానీ, అన్నిసార్లూ నా చేతులతో చేయలేని పని ఆ పలక చేసింది.

అందుకే నొప్పి ఎక్కడుందో అడిగాక, పని ఏమిటో అడుగు. "వ్యవసాయం" అంటే అక్కడితో ఆగకు. చెనిక్కాయ చెట్లు పెరికేవాళ్లు రోజంతా వంగే ఉంటారు, ట్రాక్టర్ తోలేవాళ్లు రోజంతా ఎగిరెగిరి పడతారు. ఆ రెండు నడుములూ ఒకటి కావు. రాత్రి ఎన్ని గంటలు నిద్ర పడుతుందో అడుగు. ఈ ప్రశ్న మగవాళ్లను అడిగితే తరచూ అప్పు సంగతి బయటికొస్తుంది. బోరు ఎండిపోయి, పంట పోయి, ఏడాదిగా సరిగా నిద్రపోని మనిషికి నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది. నువ్వు అప్పు తీర్చలేవు. కానీ విన్నావనే ధైర్యంతో అతను మళ్లీ నీ దగ్గరికి వస్తాడు, చెప్పిన వ్యాయామం చేస్తాడు. బతకాలని లేదన్న మాట వినిపిస్తే మాత్రం అతణ్ణి ఒంటరిగా పంపకు. ఇంట్లోవాళ్లను పిలిపించి అదే రోజు మానసిక వైద్యుడి దగ్గరికి చేర్చు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. దీన్ని ఇన్నేళ్లుగా మనసులో మోస్తున్నాను. అరవై దాటిన ఒక తల్లి వీపు మధ్య నొప్పితో వచ్చింది. పొలం పని చేసే మనిషే, కండరం పట్టిందనుకున్నాను. రెండు వారాలు వైద్యం చేశాను. రాత్రిపూట నొప్పి ఎక్కువవుతోందంటే పరుపు మార్చమన్నాను. జాకెట్టు వదులైందని కోడలు నవ్వుతూ అన్న మాట నా చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. మూడో వారం ఆమె కాలు ఈడుస్తూ వచ్చింది. ఎమ్మారై తీయిస్తే వెన్నెముకకు టీబీ. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా మందులిచ్చారు, ఏడాదికి పైగా వాడి కోలుకుంది. కాలు మాత్రం మునుపటిలా కాలేదు. ఆ రెండు వారాలు నేను ఆమెకు తిరిగివ్వలేను.

ఆ రోజు నుంచి ఒంటి మీద చేయి వేసేముందే కొన్ని అడుగుతాను. సాయంత్రం జ్వరం వస్తోందా, బరువు తగ్గిందా, పడుకున్నా నొప్పి తగ్గడం లేదా, ఇంతకుముందు క్యాన్సర్ ఏదైనా వచ్చిందా, ఎన్నాళ్లుగా స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నారు? ఈ ఆఖరుది మర్చిపోవద్దు. పల్లెల్లో కీళ్లనొప్పులకు ఏ మాత్రలు మింగుతున్నారో వాళ్లకే తెలియదు, చీటీ తెమ్మను. ఎముక పెళుసైపోయి ఉంటే నీ ఒక్క నొక్కుతో విరగొచ్చు. ఇక కూర్చునే చోట తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, కాళ్లలో బలం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా గంటలు కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి పంపాలి. వీలైతే ఆటోలో నువ్వే కూర్చుని తీసుకుపో.

మన జిల్లాలో ఇంకొకటి ఉంది, మెల్‌బోర్న్‌లో నీకు కనబడి ఉండదు. ఫ్లోరైడ్. సత్యసాయి మంచినీటి పథకం వచ్చాక చాలా ఊళ్లకు మంచి నీళ్లు అందాయి కానీ, అంతకుముందు దశాబ్దాల పాటు బోరు నీళ్లు తాగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. మెడ తిరగదు, నడుము వంగదు, వెన్ను వెదురుబొంగులా బిగుసుకుపోయి ఉంటుంది. అది కీలు పట్టేయడం కాదు, ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లే గట్టిపడి ఎముకలా మారడం. ఎక్స్‌రే చూడకుండా అలాంటి వెన్నుకు బలంగా జర్క్ ఇవ్వొద్దు. పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తే, ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారని అడుగు.

నొప్పి ఉన్నచోటే జబ్బు ఉండదని నీకు కొత్తగా చెప్పక్కర్లేదు, అయినా ఇక్కడివి రెండు మూడు గుర్తు చేస్తాను. ఎండలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగే మనుషులకు కిడ్నీలో రాళ్లు ఎక్కువ. అలల్లా వచ్చిపోతూ గజ్జల్లోకి దిగే నడుం నొప్పి నీ బల్ల మీద తగ్గేది కాదు. భుజం పట్టేసి చేయి పైకి లేవనివాళ్లకు షుగర్ పరీక్ష రాయించు, కొంతమందికి అది ఉందని అప్పుడే బయటపడుతుంది. ఎడమ భుజం నొప్పితో పాటు చెమటలు, ఆయాసం ఉంటే గుండె డాక్టరు.

మెడ విషయంలో మాత్రం పెద్దనాయన మాట వినమ్మా. సెలూన్‌లో క్షవరం అయ్యాక మెడ విరిపించుకోవడం మనవాళ్లకు అలవాటే. ఇప్పుడు వీడియోలు చూసి నీ దగ్గర కూడా ఆ టక్కుమన్న శబ్దం కోసమే వస్తారు. కీలు లోపలి ద్రవంలో గాలి బుడగ చేసే శబ్దం అది, ఎముక జరిగి సరైన చోటికి చేరిన శబ్దం కాదు. ఈ సంగతి వాళ్లకు విడమరిచి చెప్పు. మెడను ఒక్కసారిగా తిప్పినప్పుడు మెదడుకు వెళ్లే రక్తనాళం చీరడం అరుదే, కానీ జరిగితే పక్షవాతం రావచ్చు. తల తిరుగుతోందన్నా, మాట తడబడుతోందన్నా, ఎన్నడూ లేనంత తలనొప్పి హఠాత్తుగా వచ్చిందన్నా ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపు. మామూలు మెడనొప్పికి నెమ్మదిగా కదిలించడం, వ్యాయామం చాలు.

బోర్డు మీద నీ చదువు ఉన్నదున్నట్టు రాయించు. ఆస్ట్రేలియాలో మీ వృత్తిని చూసుకునే ప్రభుత్వ బోర్డు, రిజిస్ట్రేషన్ ఉన్నాయి. ఇక్కడ కైరోప్రాక్టిక్‌కు ప్రత్యేకంగా కౌన్సిల్ లేదు. కాబట్టి మొదటి నెలలోనే ఊళ్లోని ఎముకల డాక్టర్లను, నరాల డాక్టర్లను వెళ్లి కలువు. పేషెంటును పంపేటప్పుడు నువ్వు చూసినవన్నీ కాగితం మీద రాసిపెట్టు. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు అనే నాటు కట్టు కట్టించుకుని వచ్చినవాళ్ల ముందు ఆ వైద్యాన్ని చులకన చేయకు. వేళ్లు చల్లబడ్డాయా, నీలంగా మారాయా చూసుకో, అలా ఉంటే వెంటనే పంపు. ఇరవై సిట్టింగుల ప్యాకేజీలు అమ్మొద్దు. మామూలు నడుం నొప్పి చాలావరకు ఆరు వారాల్లో సర్దుకుంటుంది. అప్పటికీ మార్పు లేకపోతే నీ ఆలోచన తప్పేమోనని మొదట్నుంచి మళ్లీ చూడు. వ్యాయామాలు రెండే చెప్పు. పది చెబితే ఒక్కటీ చేయరు.

ఇంకొక చిన్న సంగతి. మనిషి చెప్పులు విడిచేటప్పుడు చూడు. నడుం బాగున్నవాళ్లు నిలబడే విడుస్తారు. కాల్లోకి నరం లాగేవాళ్లు గోడ పట్టుకుంటారు, లేదా ఒక కాలితో రెండో కాలి చెప్పు నెట్టేస్తారు. నువ్వు పేరు అడిగేలోపే సగం సంగతి అక్కడ తెలుస్తుంది. నా పాత చెక్క బెంచీ ఒకటుంది, దసరా ముందు ఆదివారం ఆటోలో వేసుకొస్తాను. దాన్ని గుమ్మం పక్కన, నీ కుర్చీలోంచి కనబడేలా వేయించు.

ఇట్లు,
మీ పెద్దనాయన