నేలకు 11 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న స్పోర్ట్స్ కారుకు ఏ జాక్ కొనాలి?

మిర్యాలగూడ నుంచి మీరు అడిగిన ప్రశ్న ఇది: సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కిందికి ఊళ్లో దొరికిన 3 టన్నుల ట్రాలీ జాక్ (చక్రాల మీద దొర్లే, పొడవాటి హ్యాండిల్‌తో పంపు చేసే జాక్) దూరడం లేదు, ఇంటి దగ్గరే టైర్లు విప్పి బ్రేక్ ప్యాడ్లు మార్చుకోవాలంటే ఏ జాక్ కొనాలి, దానితో పాటు ఇంకేమేం కావాలి. నేను నల్గొండలో ఆరేళ్లుగా ఒక పాత బీఎండబ్ల్యూ జెడ్4 నడుపుతున్నాను. నాకు నమ్మకమున్న వర్క్‌షాప్ హైదరాబాద్‌లో ఉంది. ప్రతి చిన్న పనికీ 100 కిలోమీటర్లు వెళ్లడం కుదరక, ఇంటి పోర్టికోలోనే కారు లేపుకోవడం నేర్చుకున్నాను. అందువల్ల నేను చేసి చూసినంత వరకే చెబుతాను.

దుకాణంలో ఎవరైనా మొదట చెప్పేది టన్నుల లెక్క. మనకు అది అన్నిటికన్నా చివరి లెక్క. ఇలాంటి కారు బరువు 1,500 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, ఒకసారికి ముందు భాగాన్నో వెనుక భాగాన్నో మాత్రమే లేపుతాం కాబట్టి జాక్ మీద పడేది సుమారు అందులో సగం. 2 టన్నుల జాక్ ఆ బరువును సునాయాసంగా మోస్తుంది. మీరు చూడవలసింది పూర్తిగా దించినప్పుడు జాక్ ఎంత ఎత్తు ఉంటుందన్నది. మామూలు ట్రాలీ జాక్ 13 నుంచి 14 సెంటీమీటర్లు ఉంటుంది. లారీలలో కనిపించే బాటిల్ జాక్ 18 సెంటీమీటర్లకు తక్కువ ఉండడం అరుదు, కనుక దాని సంగతి మరిచిపోవచ్చు. లో ప్రొఫైల్ అని అమ్మేవి 7.5 నుంచి 9 సెంటీమీటర్లు ఉంటాయి.

ఆ తేడాలో ఏది మీకు సరిపోతుందో తెలియాలంటే ముందు టేపుతో కొలవండి. నా కారుకు పాత యజమాని స్ప్రింగులు మార్పించి ఎత్తు తగ్గించాడు. తలుపు కింద జాక్ పెట్టే చోటికీ నేలకూ మధ్య 11 సెంటీమీటర్లే ఉంది. ఆ చోట ఉన్న ప్లాస్టిక్ దిమ్మె చెడకుండా జాక్ తల మీద రెండున్నర సెంటీమీటర్ల రబ్బరు ప్యాడ్ పెట్టాలి. 11లోంచి రెండున్నర తీసేస్తే మిగిలేది ఎనిమిదిన్నర. నేను మొదట కొన్న జాక్ ఎత్తు 10 సెంటీమీటర్లు, కారు కిందికి దూరింది, కానీ ప్యాడ్‌కు చోటు లేకపోయింది. టైరులో గాలి పోయినప్పుడు ఈ కొలత ఇంకా తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇక అసలు చిక్కు వేరే ఉంది, దాని గురించి దుకాణదారుడు ఎవరూ చెప్పరు. ఈ కార్లలో చాలా వాటికి ఒక్కో మూలకు జాక్ పెట్టదగిన చోటు ఒక్కటే ఉంటుంది. అక్కడ జాక్ పెట్టి లేపాక, కారును నిలబెట్టవలసిన స్టాండ్‌ను ఎక్కడ పెడతారు? చోటు జాక్ కిందే ఉంది, జాక్ తీస్తే కారు దిగిపోతుంది. దీనికి తోచిన చోటల్లా స్టాండ్ ఆనించి అండర్‌బాడీ రేకు లోపలికి నొక్కుకుపోయిన కార్లను నేను చూశాను. సరైన మార్గం ముందు వైపు సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్, సస్పెన్షన్ బిగించి ఉండే కింది చట్రం) అడ్డకమ్మి మధ్యలో జాక్ ఆనించి రెండు చక్రాలనూ ఒకేసారి లేపడం, ఆపైన రెండు పక్కల ఖాళీగా ఉన్న జాక్ చోట్ల కింద స్టాండ్లు పెట్టడం. మీ కారుకు ఆ కమ్మి బరువు మోయగలదో లేదో సర్వీస్ మాన్యువల్‌లో చూసి తీరాలి. వెనుక వైపు డిఫరెన్షియల్ (రెండు వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) అందుబాటులో కనిపిస్తుంది గానీ, దాని గుల్ల చాలా కార్లలో అల్యూమినియంది, తయారీదారు అనుమతించనిదే దాని కింద జాక్ పెట్టకండి.

ఈ పద్ధతి ఎంచుకుంటే జాక్‌కు మరో రెండు లక్షణాలు కావలసి వస్తాయి. మొదటిది పొడవు: బంపర్ అంచు నుంచి ఆ కమ్మి దాకా నా కారులో 80 సెంటీమీటర్ల పైనే దూరం ఉంది. జాక్ చేయి అంత లోపలికి వెళ్లాక కూడా హ్యాండిల్ బంపర్‌కు తగలకుండా ఆడాలి. పొట్టి జాక్ 7.5 సెంటీమీటర్ల ఎత్తే ఉన్నా ఇక్కడ పనికిరాదు. రెండవది లేపగల ఎత్తు. 3 టన్నుల స్టాండ్లు చాలా వరకు కనీసం 27 నుంచి 28 సెంటీమీటర్ల ఎత్తుంటాయి, రబ్బరు దిమ్మెతో కలిపి 30 అనుకోండి. వెనుక చక్రాలు నేల మీదే ఉండి ముక్కు లేస్తుంది కాబట్టి, ముందు చక్రాలకు వెనుకగా ఉండే జాక్ చోటు ముక్కు లేచినంత లేవదు. నా కొలతలో కమ్మి 25 సెంటీమీటర్లు లేస్తే ఆ చోటు 20 సెంటీమీటర్లే లేచింది. అందుకని గరిష్ఠంగా 45 సెంటీమీటర్లకు తగ్గకుండా లేచే జాక్ తీసుకోండి. ఈ లక్షణాలన్నీ ఉన్న ఉక్కు జాక్ 35 కిలోలకు పైగా బరువుండవచ్చు, అల్యూమినియంది తేలికగా ఉంటుంది. దాన్ని డిక్కీలో వేసుకుని తిరగరు కనుక నేను ఉక్కుదే తీసుకున్నాను. కొనేముందు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నాలుగైదు దుకాణాలు తిరిగి, ప్రతి జాక్‌నూ కిందికి దించి టేపు పెట్టి చూశాను. పెట్టె మీద రాసిన కొలతకూ నా టేపుకూ కొన్నిటిలో సెంటీమీటరు దాకా తేడా వచ్చింది.

మన ప్రాంతంలో ఇంకొక విషయం చాలా ముఖ్యం, అది నేల. మన ఇళ్ల ముందు ఎక్కువగా ఉండేవి షాబాద్ బండలు. నేను కారు కొన్న మొదటి ఏడు వాటి మీదే జాక్ పెట్టాను. ట్రాలీ జాక్ చేయి నిట్టనిలువుగా లేవదు, వంపుగా లేస్తుంది. లేచేకొద్దీ దాని తల హ్యాండిల్ వైపు జరుగుతుంది. కారు కదలదు కాబట్టి ఆ మేరకు జాకే తన చక్రాల మీద ముందుకు దొర్లాలి. నా జాక్ చక్రం రెండు బండల మధ్య సందులో ఇరుక్కుంది. పక్కన నిలబడ్డ మా తమ్ముడు, "అన్నా, జాక్ కదుల్తలేదు, ఆపు" అన్నాడు. నేను వినకుండా ఇంకో రెండుసార్లు హ్యాండిల్ కొట్టాను. జాక్ తల ప్యాడ్ మీద నుంచి జారింది, తలుపు కింది అంచు వంగింది, బండ పగిలింది. టైరు ఇంకా విప్పలేదు, కింద ఎవరూ లేరు, కనుక మనుషులకు ఏమీ కాలేదు. ఆ రోజు గురించి తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడగా ఉంటుంది.

పగిలిన బండ తీసి చూస్తే దాని కింద ఇసుక కుంగి గుల్లగా ఉంది. ఆ తరువాత కారు నిలిపే మేర బండలు తీయించి కాంక్రీటు పోయించాను. మీకు అది వీలుకాకపోతే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు పరిచి, దాని మీద జాక్ దొర్లేలా చూడండి, అయితే కింద గుల్ల లేదని బండలను తట్టి చూశాకే. మట్టి మీదా, ఎండకు మెత్తబడే తారు మీదా జాక్ గానీ స్టాండ్ గానీ పెట్టకండి.

స్టాండ్ల విషయంలో నేను రాజీ పడను. జాక్ కారును లేపడానికే. హైడ్రాలిక్ సీలు ఎప్పుడు లీకవుతుందో ఎవరికీ తెలియదు. జాక్ మీద మాత్రమే ఉన్న కారు కిందికి చేయి కూడా పోనివ్వకండి. 2020లో అమెరికాలో 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను పెద్ద ఎత్తున వెనక్కి పిలిపించారు, స్టాండ్ ఎత్తును సర్దే పళ్ల కమ్మికి కొక్కెం సరిగా పట్టక బరువుతో ఉన్నప్పుడు కిందికి జారే ప్రమాదం ఉందని. అందుకే పళ్ల కొక్కెంతో పాటు అడ్డంగా దూర్చే పిన్ను కూడా ఉన్నవి తీసుకోండి. డబ్బు సరిపోకపోతే జాక్ కొనడం వాయిదా వేసి ముందు ఇవి కొనండి. నేలకు ఆనే చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాలి. వెనుక భాగం లేపినప్పుడు వెనుక చక్రాలకే పట్టే హ్యాండ్‌బ్రేక్ కారును ఆపలేదు.

ఏడాదికి రెండుసార్లు మించి లేపరు అనుకుంటే తక్కువ ఖర్చు మార్గం ఒకటి ఉంది. టింబర్ డిపోలో 5 సెంటీమీటర్ల మందం, మీటరు పొడవు ఉన్న చెక్కలు కోయించి, ఒక అంచు ఏటవాలుగా చెక్కించండి. చక్రాలను మెల్లగా వాటి మీదికి ఎక్కిస్తే 11 సెంటీమీటర్లు 16 అవుతుంది, అప్పుడు మీ దగ్గరున్న 3 టన్నుల జాక్ ఎత్తు పదమూడున్నర సెంటీమీటర్లకు మించకపోతే అదే ప్యాడ్‌తో సహా దూరుతుంది. స్టాండ్లు మాత్రం అప్పుడూ కావాలి.

రెండు ఉక్కు చట్రాలను కారు కింద రెండు పక్కలా జరిపి పంపుతో లేపే పోర్టబుల్ లిఫ్టులు కూడా వస్తున్నాయి. దించితే 3 అంగుళాల దగ్గర ఉండేవి దొరుకుతాయి, నాలుగు చక్రాలూ ఒకేసారి 50 సెంటీమీటర్ల దాకా లేస్తాయి, లాక్ కమ్మీ పడ్డాక కరెంటు పోయినా దిగవు. జాక్, స్టాండ్ ఒకే చోటు కోసం పోటీ పడే బాధ వీటితో ఉండదు. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ, మీ కారు ముందు వెనుక జాక్ చోట్ల మధ్య దూరానికి చట్రం పొడవు సరిపోవాలి. రెండు స్తంభాల లిఫ్టుకు గట్టి కాంక్రీటుతో పాటు 11 అడుగులకు పైగా కప్పు ఎత్తు కావాలి, మన పోర్టికోలలో అది సాధ్యం కాదు.

మీ కారుకు రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటే, సాధారణంగా గాలి పోయాక కూడా గంటకు 80 కిలోమీటర్లు మించకుండా 80 కిలోమీటర్ల వరకు వెళ్లవచ్చు. మిర్యాలగూడ నుంచి నల్గొండ దాకా అది చాలు, హైదరాబాద్ దాకా చాలదు. అద్దంకి రోడ్డు పక్కన మట్టిలో జాక్ వేయాలని మాత్రం చూడకండి, ఫ్లాట్‌బెడ్ బండిని పిలిపించండి.