స్పెషల్ బీఈడీ: ఫీజు ఒక్కటే ఖర్చు కాదు

ప్రశ్న: మాది రాజాం. డిగ్రీ చేశాను. ప్రైవేటు స్కూల్లో 11,000 జీతం. మా ఆయనకు జ్యూట్ మిల్లులో 16,000. నా క్లాసులో సరిగా వినపడని బాబు ఒకడున్నాడు. వాడికి పాఠం ఎలా చెప్పాలో తెలియకే స్పెషల్ బీఈడీ, అంటే ప్రత్యేక అవసరాల పిల్లలకు చెప్పే టీచర్ల కోర్సు, చేద్దామనుకుంటున్నాను. రెండేళ్లకూ ఫీజు 90,000. బస్సుకీ పుస్తకాలకీ నెలకు 3,000. కాలేజీకి వెళ్లక్కర్లేదు, 1,30,000 ఇస్తే సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఒకాయన అంటున్నాడు. ఎఫ్‌డీ 1,80,000, బంగారం ఐదు తులాలు ఉన్నాయి. ఇంటి ఖర్చు 18,000. డ్వాక్రా వాయిదా 2,500, ఇంకా ఏడు నెలలు కట్టాలి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ఒకాయన సంగతి తేల్చేద్దాం. ఈ కోర్సుకు విలువ రావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తింపు ఉండాలి. చదువయ్యాక వాళ్ల రిజిస్టర్‌లో మీ పేరెక్కి సీఆర్‌ఆర్ నంబరు రావాలి. అది లేకుండా స్పెషల్ టీచరుగా పనిచేస్తే 1992 చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. అయినా ఆ బాబు కోసం చదవాలనుకునేవారికి క్లాసుకే వెళ్లని చదువు ఎందుకు చెప్పండి? ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు, కోర్సు, ఏ వైకల్యానికి సంబంధించినది, అనుమతి ఏ సంవత్సరం దాకా అన్నవి చూసుకోండి. మీకు కావాల్సింది వినికిడి లోపం విభాగం.

ఇక డబ్బు. మీరు ఫీజు చూసి భయపడుతున్నారు గానీ అసలు దెబ్బ జీతం ఆగిపోవడం. 24 నెలలకు 2,64,000. ఇప్పుడే చేరితే ఇంటి ఖర్చు, బస్సు, డ్వాక్రా వాయిదాలు పోను రెండేళ్లలో 1,37,500 తక్కువ పడుతుంది. ఎఫ్‌డీలో 42,500 మిగులుతుంది, ఫీజుకు బంగారం కుదువకెళుతుంది. మధ్యలో మిల్లు లాకౌట్ అయితే? మన జిల్లాలో జ్యూట్ మిల్లు జీతం మీద బతికేవాళ్లకు ఆ టెన్షన్ కొత్త కాదు.

అందుకే ఒక్క ఏడాది ఆగమంటాను. డ్వాక్రా అప్పు తీరేదాకా నెలకు 6,500, తీరాక ఐదు నెలలు 9,000 చొప్పున దాచండి. ఎఫ్‌డీతో కలిపి 2,70,000 దాటుతుంది. చదివే రెండేళ్ల లోటు 1,20,000 పోయినా లక్షన్నర చేతిలో ఉంటుంది. మిల్లు మూతపడినా ఏడు నెలలు ఇల్లు గడుస్తుంది. ఫీజు మాత్రం ఇందులోంచి తీయకండి, బ్యాంకులో విద్యా రుణం అడగండి. 4 లక్షల దాకా హామీగా ఆస్తి పెట్టక్కర్లేదు. చదువయ్యాక మామూలుగా ఏడాది గడువు ఇచ్చాకే వాయిదాలు మొదలవుతాయి. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.

ఉద్యోగాల మాటకొస్తే, ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో 15 మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచరు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2022లో నిర్ణయించింది. మన రాష్ట్రంలో 2025లో 2,260 పోస్టులు మంజూరయ్యాయి. అవకాశాలు ఉన్నమాట నిజమే. అలాగని డీఎస్సీ జీతాన్ని ఇప్పుడే లెక్కలో వేసుకుని అప్పులు చేయొద్దు. ముందు ప్రైవేటు స్కూలు జీతంతోనే లోను తీర్చగలమా అన్నది చూసుకోండి. ఇంత చిన్న లోను తీరుతుంది.

ఎఫ్‌డీ అంతా ఒకే బాండుగా ఉంటే, ఈసారి మెచ్యూరిటీకి 60,000 చొప్పున మూడుగా వేయించండి. అవసరమొస్తే ఒకటి తీసినా మిగతా రెండింటి వడ్డీ పోదు.