కరెంటు తీసేశాక నీళ్లలో ఏం మిగులుతుంది?

ప్రశ్న: చిన్న డ్యామ్‌ల దగ్గర పవర్‌హౌస్ నుంచి నీళ్లు నెమ్మదిగా బయటికి వస్తుంటాయి. వాటితో కరెంటు ఎలా పుడుతుంది? కరెంటు తీసేసిన నీళ్లలో సారం ఉండదంటారు, నిజమేనా?

జవాబు: సారం ఎక్కడికీ పోదండీ. లోపలికి వెళ్లిన నీళ్లే అంతా బయటికొస్తాయి, మనం తీసుకునేది అవి ఎత్తు నుంచి దిగేటప్పుడు వచ్చే శక్తినే. అదే నీళ్లు డ్యామ్ మీదుగా ఊరికే దూకితే ఆ శక్తి హోరుగా, సుడులుగా, చివరికి వేడిగా మారిపోతుంది (10 మీటర్లు పడితే నీళ్లు వేడెక్కేది డిగ్రీలో సుమారు 40వ వంతు, అంతే). కాబట్టి నెమ్మదిగా బయటికి రావడం మంచి గుర్తే, ఉరుకుతూ వస్తున్నాయంటే కొంత శక్తిని వాడుకోకుండా వదిలేసినట్టు.

ఎంత కరెంటు వస్తుందనేది రెండిటి మీద ఆధారపడుతుంది: ఎంత ఎత్తు, సెకనుకి ఎన్ని నీళ్లు. సెకనుకి 1000 లీటర్లు 10 మీటర్లు దిగితే 98 కిలోవాట్లు, నష్టాలు పోను చేతికి 80 దాకా రావచ్చు. ఎత్తు రెట్టింపైతే కరెంటూ రెట్టింపే. వెనక చెరువు ఎంత పెద్దదైతే అంత ఎక్కువసేపు నడుస్తుంది తప్ప, ఆ వైశాల్యం వల్ల పవర్ పెరగదు.

చెత్తను ఆపే ఊచల జల్లెడ దాటి, గొట్టంలోంచి నీళ్లు టర్బైన్ (నీళ్ల తాకిడికి తిరిగే రెక్కల చక్రం) మీదికి వస్తాయి. ఎత్తు తక్కువ, నీళ్లు ఎక్కువ ఉన్నచోట ఓడ ప్రొపెల్లర్‌లా ఉండే కాప్లాన్ టర్బైన్ పెడతారు. దాని ఇరుసుకి కలిపిన జనరేటర్‌లో రాగి తీగచుట్టల మధ్య అయస్కాంతాలు తిరుగుతాయి, కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది.

నాకు అన్నిటికంటే నచ్చేది మాత్రం గవర్నర్, అంటే టర్బైన్ వేగాన్ని అదుపులో ఉంచే పరికరం. డ్యామ్ ఒంటరిగా ఒక ఊరికి కరెంటిస్తోందనుకోండి, అక్కడ ఎవరో మోటార్ ఆన్ చేయగానే జనరేటర్ తిరగడం బరువవుతుంది, టర్బైన్ వేగం కాస్త తగ్గుతుంది, 50 హెర్ట్జ్ (సెకనుకి 50 సార్లు) ఉండాల్సిన కరెంటు ఫ్రీక్వెన్సీ జారుతుంది. గవర్నర్ అది పసిగట్టి టర్బైన్‌లోకి నీళ్లు వదిలే గేట్లు ఇంకొంచెం తెరుస్తుంది. పెద్ద గ్రిడ్‌కి కలిపితే ఈ టెన్షన్ చాలావరకు గ్రిడ్ చూసుకుంటుంది.

అయితే "సారం పోతుంది" అన్న మాటలో కాస్త నిజం వేరేచోట ఉంది. లోతైన జలాశయం అడుగు నుంచి నీళ్లు తీస్తే అవి చల్లగా, ఆక్సిజన్ తక్కువగా ఉండొచ్చు, కింద చేపలకి ఇబ్బంది. చిన్న డ్యామ్‌ల దగ్గర అంతకంటే పెద్ద చిక్కు, నీళ్లన్నీ గొట్టంలోకి మళ్లిస్తే డ్యామ్‌కీ పవర్‌హౌస్‌కీ మధ్య వాగు ఎండిపోవడం. అందుకే కొంత నీటిని, కరెంటు తగ్గినా సరే, వాగులోకే వదలాలి.