గీజర్ 2000 వాట్లు అని రాసుంటే లెక్కలో 1750 ఎందుకొస్తోంది? ముందు వోల్టేజ్ కొలవండి

మీరు అడిగింది ఇదీ: గీజర్ స్టిక్కర్ మీద 2000 వాట్లు, 230 వోల్టులు అని ఉంది, తెల్లవారుజామున క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెడితే 7.6 ఆంపియర్లే చూపించింది, 230తో గుణిస్తే 1750 కూడా రావట్లేదు, వచ్చినాయన కాయిల్ మార్చాలంటున్నాడు, మార్చాలా వద్దా?

తొందరపడకండి. నాకు విజయవాడ సత్యనారాయణపురంలో గీజర్లు, ఇస్త్రీ పెట్టెలు, కూలర్లు బాగుచేసే షాపు ఉంది, చలికాలం మొదలైతే చాలు, ఈ బేరం రోజూ ఉంటుంది. 7.6 మీరు కొలిచారు, బాగానే ఉంది. 230 మాత్రం కొలవలేదు, స్టిక్కర్ మీద చూసి వేసేశారు. తేడా అక్కడ కొట్టింది.

లెక్క చాలా చిన్నది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్స్ ఓముల్లో వస్తుంది, గుణిస్తే వాట్లు వస్తాయి. మీ స్టిక్కర్ ప్రకారం 2000ని 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు, 230ని ఆ 8.7తో భాగిస్తే 26.4 ఓములు. గీజర్ తనతో పాటు తెచ్చుకున్నది ఆ 26.4 ఒక్కటే. వోల్టేజ్ మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దయ, ఆంపియర్లు, వాట్లు దాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. ధనుర్మాసంలో ఐదింటికల్లా వీధి వీధంతా గీజర్లు వేసిందంటే లైను చివరి ఇళ్లలో వోల్టేజ్ 200కి పడిపోవడం నేను చాలాసార్లు చూశాను. మీ ఇంట్లోనూ అదే జరిగిందనుకుని 200ని 7.6తో భాగించి చూడండి, 26.3 వస్తుంది. అంటే కాయిల్ నిక్షేపంగా ఉన్నట్టే.

అప్పుడు అసలు వాట్లు 200 × 7.6, అంటే 1520. వోల్టేజ్ తగ్గింది 13 శాతం, పవర్ మాత్రం దాదాపు పావు వంతు పడిపోయింది, ఎందుకంటే వోల్టేజ్ తగ్గితే దాంతోపాటు కరెంటూ తగ్గుతుంది, రెండు దెబ్బలూ వాట్ల మీదే పడతాయి. 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే 2000 వాట్ల మీద 18 నిమిషాలు, 1520 మీద 24 నిమిషాలు. బిల్లు పెరుగుతుందేమోనని టెన్షన్ పడకండి, ఎలా కాచినా సుమారు 0.6 యూనిట్టే.

కొలవాల్సిన పద్ధతి చెబుతాను. గీజర్ ఆన్‌లో ఉండగానే, అదే బోర్డులో పక్క సాకెట్లో వోల్టేజ్ చూడండి, ఆ క్షణంలోనే ఆంపియర్లూ చూడండి. క్లాంప్ ఒక్క ఫేజ్ వైరు చుట్టూనే పడాలి, రెండు వైర్లూ కలిపి పట్టుకుంటే సున్నా చూపిస్తుంది. తడి చేతులతో, బాత్రూం గచ్చు మీద నిలబడి మాత్రం ఈ పని వద్దు, చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకోండి. రెసిస్టెన్స్ నేరుగా చూడాలంటే ప్లగ్ పూర్తిగా బయటికి పీకి, ఫేజ్, న్యూట్రల్ పిన్నుల మీద మల్టీమీటర్ పెట్టాలి. కరెంటు ఉండగా ఓముల రేంజిలో పెట్టారంటే మీటర్ పోతుంది, మీకూ ప్రమాదమే. మీటర్ ఏమీ చూపించకపోతే వెంటనే కాయిల్ పోయిందనుకోకండి, నీళ్లు వేడిగా ఉంటే థర్మోస్టాట్ కట్ చేసి ఉంటుంది, చల్లారాక మళ్లీ చూడండి.

బోరు నీళ్లకు కాయిల్ మీద ఉప్పు కట్టింది కాబట్టి ఆంపియర్లు తగ్గాయని కొందరు చెబుతారు. ఉప్పు కడితే వేడి నీళ్లలోకి సరిగా దిగక కాయిల్ లోపల కాగిపోయి త్వరగా కాలిపోతుంది, అది నిజం. ఆంపియర్లు తగ్గడానికి మాత్రం అది కారణం కాదు.

నన్నడిగితే కాయిల్ కంటే ముందు ప్లగ్ చూడాలి. మా దగ్గరికి వచ్చిన ఒక గీజర్‌కి అప్పటికే వేరేచోట కొత్త కాయిల్ వేయించారు, అయినా నీళ్లు కాగట్లేదని తెచ్చారు. ప్లగ్ చూస్తే ఒక పిన్ను మొదట్లో ఇత్తడి రంగు పోయి నల్లబడింది, చుట్టూ ప్లాస్టిక్ కరిగి బుడగలు కట్టింది. సాకెట్ లూజు, అంతే. ఆ లూజు కాంటాక్ట్ దగ్గర అర ఓము రెసిస్టెన్స్ ఉందనుకోండి, 7.6 ఆంపియర్లకు 3.8 వోల్టులు అక్కడే పడిపోతాయి, 3.8ని మళ్లీ 7.6తో గుణిస్తే 29 వాట్లు. నేను టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది! అంతకంటే ఎక్కువ వేడి పిన్ను మీద పుడుతుంటే ప్లాస్టిక్ కరగక ఏమవుతుంది?

ఈ లెక్క అన్నిటికీ వేసేయకండి. పదో తరగతిలో ఓమ్ నియమం రాసేటప్పుడు 'ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు' అని మార్కుల కోసం బట్టీ పట్టాం కదా, పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు దగ్గర ఆ ముక్క పనికొస్తుంది. వెలుగుతున్నప్పుడు దాని రెసిస్టెన్స్ 529 ఓములు, చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అందులో పదో వంతు కూడా ఉండదు. గీజర్ కాయిల్‌లో ఉండే నైక్రోమ్ తీగకు ఆ తేడా చాలా తక్కువ, అందుకే మనకు చల్లగా కొలిచినా సరిపోతుంది. ఇక ఫ్రిజ్, బోరు మోటారు లాంటివాటికి వోల్టులు, ఆంపియర్లు గుణించగానే వాట్లు వచ్చేయవు, పవర్ ఫ్యాక్టర్‌తో (అందులో నిజంగా పనికొచ్చే పవర్ ఎంత వంతో చెప్పే, ఒకటి లోపు ఉండే అంకె) కూడా గుణించాలి. వోల్టేజ్ తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుందనే మాట కూడా లోడు మీద ఉన్న మోటార్లకే, గీజర్‌కి వర్తించదు.

రేపు పొద్దున వోల్టేజ్, ఆంపియర్లు ఒకేసారి చూసి ఇక్కడ రాయండి. భాగిస్తే 25, 28 మధ్య వస్తే కాయిల్ జోలికి పోవద్దు. నిజంగానే 230 ఉండి 7.6 చూపిస్తే 30 దాటుతుంది, అప్పుడు కాయిల్ విప్పి చూద్దాం.