కొండకోట చుట్టూ ఉన్నవి ‘మట్టిపనులా’, మట్టికట్టలా?

సందేహం: మాది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం. ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో ఉన్న సౌత్ క్యాడ్‌బరీ కొండకోటను గురించి ఇక్కడి తెలుగు పిల్లల కోసం వ్యాసం రాస్తూ, ‘తొలి మధ్యయుగపు మట్టిపనుల శిథిలాలు’ అన్నాను. మట్టిపని అంటే కూలిపని కదా అని ఒక మిత్రుడు ఆక్షేపించారు. కోట చుట్టూ పోసిన ఇటువంటి మట్టి దిబ్బలను మా తాతగారు ‘కోటగట్టు’ అనేవారు. నీళ్లు లేని కందకాన్ని అగడ్త అనవచ్చునా అన్నది మరో సందేహం.

సమాధానం: మీ మిత్రుడి ఆక్షేపణ సమంజసమే. మట్టిపని అన్నది చేసే పనికి పేరు. ఆ మాట వినగానే పలుగు, పార, తట్ట గుర్తుకు వస్తాయే తప్ప, పని ముగిసిన తరువాత వందల ఏళ్లు నిలిచిన ఆకారం గుర్తుకు రాదు. ఆ ఆకారానికి మనకు ‘కట్ట’ అన్న మాట ఉంది. ఒకపక్క తవ్వి, ఆ మట్టిని పక్కనే పొడవునా పోసి, తొక్కి గట్టిపరిస్తే చెరువుకట్ట అవుతుంది. కోట చుట్టూ కట్టా అట్లా పుట్టినదే. కనుక ‘మట్టికట్ట’ అనండి. మీ తాతగారి ‘కోటగట్టు’ నాకు ఎంతో నచ్చింది, దాన్ని పోగొట్టుకోకండి. అయితే తెలంగాణలో గట్టు అంటే కొండ కూడా కనుక, కొండ మీది కోటను వర్ణించే వ్యాసంలో చదువరి తికమకపడవచ్చు. ‘గోడ’ మాత్రం వద్దు. గోడ నిలువుగా లేస్తుంది, కట్ట వాలుగా దిగుతుంది.

ఇక అగడ్త. కోట అగడ్తలో మొసళ్లు ఉండాలన్నది కథలు నేర్పిన అలవాటు. ఆ మాటలో నీటి ప్రసక్తే లేదు. తవ్వడమన్న అర్థమున్న తమిళ ‘అగళ్’, కన్నడ ‘అగళ్తె’ దీనికి సోదరపదాలు. కందకం ఫారసీ ‘ఖందక్’ నుంచి వచ్చింది, దాని మూలంలోనూ ఉన్నది తవ్వడమే. సంస్కృత ‘పరిఖ’ అంటే చుట్టూ తవ్వినది. మూడు భాషల నుంచి వచ్చిన మూడు మాటలూ తవ్వకాన్నే చెబుతున్నాయి కాబట్టి, కొండ మీది ఎండు అగడ్తను నిస్సంకోచంగా అగడ్త అనవచ్చు. తవ్విన మట్టి ఎక్కడికి పోయిందో కౌటిల్యుని అర్థశాస్త్రం చెబుతుంది: పరిఖ నుంచి తీసిన మట్టితో ఆరు దండాల (దండం అన్నది పాతకాలపు పొడవు కొలత) ఎత్తు, దానికి రెట్టింపు వెడల్పుగల ‘వప్రం’ పోసి, ఏనుగులచేత, ఎద్దులచేత తొక్కించి, దాని మీద ముళ్లపొదలు పెంచాలట. మన మట్టికట్టకు శాస్త్రంలోని పేరు ఈ వప్రమే. ‘ప్రాకారం’ దాని మీద లేచే గోడ. మీ జిల్లాలోనే, ఋషికుల్య ఒడ్డున, అశోకుని శిలాశాసనమున్న జౌగడకు పిల్లలను తీసుకువెళ్లండి. అది కొండకోట కాదు, కాలమూ వేరు. కానీ మట్టికట్ట అంటే ఏమిటో పిల్లలకు అక్కడ కళ్లెదుట కనబడుతుంది. (ఒడియాలో ‘జౌ’ అంటే లక్క, ‘గడ’ అంటే కోట.)

‘శిథిలాలు’ కూలిన కట్టడానికి తగిన మాట. వానకు కరిగి వంపు తిరిగిన కట్ట కూలలేదు, అరిగింది. దానికి ‘ఆనవాళ్లు’ చాలు.

అసలు చిక్కు ‘తొలి మధ్యయుగపు’ అన్న విశేషణంలో ఉంది. సౌత్ క్యాడ్‌బరీ మట్టికట్టలు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందటి ఇనుపయుగం నాటివి. 1966–70 మధ్య పురావస్తు శాస్త్రవేత్త లెస్లీ ఆల్కాక్ జరిపిన తవ్వకాలలో, క్రీ.శ. 5వ శతాబ్దం చివరి ప్రాంతంలో అన్నిటికన్నా పైనున్న కట్ట మీద కలప చట్రంతో రాతిగోడ కట్టి కోటను మళ్లీ బలపరచుకున్నారని తేలింది. మీ వాక్యం చదివితే కట్టలు కూడా అప్పుడే పోసినట్లు తోస్తుంది. ‘ఇనుపయుగంలో పోసి, తొలి మధ్యయుగంలో మళ్లీ బలపరచిన మట్టికట్టల ఆనవాళ్లు’ అంటే విశేషణం తన చోట నిలుస్తుంది.

కట్ట మధ్యలో ఖాళీ కనబడితే దేన్ని ఏమనాలో కూడా చూసుకోండి. కట్టినవాళ్లే రాకపోకలకు వదిలినది ‘వాకిలి’. తరువాతి కాలంలో వాననీరో పశువులదారో కోసినది ‘గండి’. గండి అంచున కోసుకుపోయిన మట్టిని దగ్గరగా చూస్తే, ఒక్కోచోట నల్లని పైమట్టి అడుగున, అడుగున ఉండవలసిన గరపమట్టి పైన కనబడుతుంది. అగడ్తలో ముందు తవ్విన పైమట్టి ముందుగా కట్ట అడుగుకు చేరడమే దానికి కారణం.