ముక్కుదిబ్బడకు చుక్కల మందే కారణమైతే?

ప్రశ్న: జలుబు తగ్గి మూడు వారాలైంది. అయినా రాత్రి పడుకుంటే ముక్కు మూసుకుపోతోంది, గొంతులోకి కఫం జారుతోంది. మందుల షాపులో ఇచ్చిన జైలోమెటాజోలిన్ చుక్కలు మొదట్లో రాత్రంతా పనిచేసేవి, ఇప్పుడు గంటకే మళ్లీ దిబ్బడ. కేన్ నీళ్లతో జలనేతి (ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం) చేస్తే మంట పుట్టింది, చెవి కూడా బరువెక్కింది. మా అత్తయ్య అమృతాంజనం వేసి ఆవిరి పట్టమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ఇప్పుడు మీ ముక్కును మూస్తున్నది ఆ చుక్కలే అయి ఉండొచ్చు. ముక్కు లోపలి రక్తనాళాలను అవి ముడుచుకునేలా చేస్తాయి. మందు బలం తగ్గగానే నాళాలు ముందుకంటే ఎక్కువగా ఉబ్బుతాయి. అందుకే 3 నుంచి 5 రోజులు దాటి వాడకూడదు. ముందు ఒక్క రంధ్రంలో మానండి. అది తెరుచుకున్నాక రెండోదాంట్లోనూ మానేయండి. ఆ కొన్ని రాత్రులూ ఇబ్బందే. మరీ ఓర్చుకోలేకపోతే డాక్టరు స్టిరాయిడ్ స్ప్రే రాసిస్తారు.

జలనేతి మంచిదే, మీకు తప్పింది ఉప్పు కొలత. 250 మిల్లీలీటర్ల నీటికి మెత్తటి ఉప్పు అర టీస్పూనుకు కాస్త తక్కువ, చిటికెడు తినేసోడా. ఉప్పు తగ్గినా పెరిగినా మంటే. కేన్ నీళ్లు తాగడానికి సరే గానీ ముక్కులోకి అలాగే పోయొద్దు, ఆర్వో నీళ్లూ అంతే. తెర్లేదాకా కాచి, మరో రెండు మూడు నిమిషాలు ఉంచి, గోరువెచ్చగా చల్లార్చండి. కాచని నీటిలో ఉండే ఒక రకం అమీబా ముక్కు గుండా మెదడుకు చేరగలదు; అరుదే అయినా ప్రాణాంతకం.

వాష్‌బేసిన్ మీదికి వంగి, తల పక్కకు వాల్చి, నోటితో ఊపిరి తీస్తూ పై రంధ్రంలో మెల్లగా పోయండి. ముక్కు పూర్తిగా బిగిసినప్పుడు బలవంతంగా పోసినా, రెండు రంధ్రాలూ మూసి గట్టిగా చీదినా నీరు ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టంలోకి పోతుంది. ఒక్కో వైపే నెమ్మదిగా చీదండి.

ఇక అత్తయ్యగారి మాట. ఆవిరి కాసేపు హాయినిస్తుంది, పట్టండి. కానీ మరిగే గిన్నె ఒళ్లో పెట్టుకోవద్దు, కాలిన కేసులు చాలా వస్తాయి. అమృతాంజనంలోని మెంథాల్ చల్లదనపు నరాలను తట్టి ముక్కు తెరుచుకున్నట్టు అనిపింపజేస్తుందే తప్ప వాపు తీయదు. మీ ఊరి కంపెనీదే గనుక దాని మీద అభిమానం ఉంటుంది, కాదనం! రెండేళ్లలోపు పిల్లలకు మాత్రం కర్పూరం ఉన్న ఏ బామూ వద్దు.

గొంతులో కఫాన్ని పదేపదే ఖాండ్రిస్తే గొంతు ఇంకా వాస్తుంది. మింగేసినా నష్టం లేదు. గ్లాసు వేడినీళ్లలో అర టీస్పూను ఉప్పు వేసి రోజుకు మూడుసార్లు పుక్కిలించండి, తలగడ ఎత్తు పెంచండి. చీమిడి పచ్చబడినంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు.

చుక్కలు మానిన రెండు వారాలకూ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఒక్క వైపే దుర్వాసన లేదా రక్తం వస్తున్నా, జ్వరంతో ముఖం నొప్పి ఉన్నా ఆలోపే వెళ్లండి. కంటి చుట్టూ వాపు వస్తే ఆ రోజే.